కెర్నెల్‌లో రిఫరెన్స్ కౌంట్ - 4వ పాఠం: సున్నా అయ్యాక పెంచితే ఏమవుతుంది?

రిఫరెన్స్ కౌంట్ అంటే ఒక సాకెట్‌ని (నెట్‌వర్క్ కనెక్షన్‌కి కెర్నెల్ పెట్టుకునే రికార్డుని) ఇప్పుడు ఎంతమంది వాడుతున్నారో చెప్పే లెక్క. సాక్_హోల్డ్ దాన్ని ఒకటి పెంచుతుంది, సాక్_పుట్ ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే మెమరీ ఫ్రీ అవుతుంది. కోడ్‌లో తప్పు వెతకమన్న పోయిన పాఠం అభ్యాసం చేశారా? ఎర్రర్ వచ్చి మధ్యలోనే వెనక్కి వెళ్లిపోయే దారిలో సాక్_పుట్ పిలవలేదు, అదే అక్కడి తప్పు. కౌంట్ ఎప్పటికీ సున్నాకి రాదు, మెమరీ లీక్ అవుతుంది. ఈసారి చూసేది దానికి సరిగ్గా వ్యతిరేకం: మనం ఇంకా వాడుతుండగానే సాకెట్ ఫ్రీ అయిపోవడం. నా దృష్టిలో లీక్ కంటే ఇది ఎన్నో రెట్లు ప్రమాదం. ఫ్రీ అయిన చోట ఇంకెవరో తమ డేటా రాసుకుంటారు, మనం దాన్ని సాకెట్ అనుకుని చదువుతాం. దాడి చేసేవాళ్లు వెతికేది సరిగ్గా ఇలాంటి సందునే.

లీనక్స్‌కి ఒక ప్యాకెట్ వచ్చిందనుకోండి. అందులోని అడ్రస్‌లు, పోర్ట్‌లు చూసి హాష్ టేబుల్‌లో (త్వరగా వెతకడానికి పెట్టుకున్న పట్టికలో) సాకెట్‌ని వెతకాలి, దొరికాక కౌంట్ ఒకటి పెంచి వాడుకోవాలి. అదే క్షణంలో ఇంకో సీపీయూ అదే సాకెట్‌ని మూసేస్తోంది. కౌంట్ ప్రస్తుతం 1. ఇప్పుడు నెమ్మదిగా చూద్దాం, కాగితం మీద రెండు నిలువు గళ్లు గీసుకుంటే ఇంకా మంచిది.

సీపీయూ 0: సాకెట్ దొరికింది. పాయింటర్ చేతిలో ఉంది, కౌంట్ ఇంకా ముట్టుకోలేదు.
సీపీయూ 1: టేబుల్ నుంచి సాకెట్‌ని తీసేసింది. సాక్_పుట్. కౌంట్ 0. మెమరీ ఫ్రీ.
సీపీయూ 0: సాక్_హోల్డ్. సున్నాని 1 చేసింది.

"కౌంట్ అటామిక్ కదా, రేస్ ఎలా వస్తుంది?" అన్న అనుమానం అందరికీ వస్తుంది. పెంచడం అటామిక్కే, అంటే మధ్యలో ఇంకెవరూ దూరలేని ఒకే అడుగు. తగ్గించడం కూడా అటామిక్కే. రేస్ అంటే రెండు సీపీయూల్లో ఎవరు ముందన్నదాన్ని బట్టి ఫలితం మారిపోవడం. వెతకడానికీ పెంచడానికీ మధ్య ఉన్న ఖాళీని మాత్రం ఏ అటామిక్కూ కాపాడదు. సాక్_హోల్డ్ పిలవాలంటే అప్పటికే మన చేతిలో ఒక రిఫరెన్స్ ఉండాలి, లేదా ఆ సాకెట్ ఈలోపు పోదని వేరే ఏదో హామీ ఇవ్వాలి. కోడ్‌లో సాక్_హోల్డ్ కనబడిన ప్రతిచోటా ఆగి, ఆ హామీ ఎవరిస్తున్నారో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే అక్కడ బగ్ ఉన్నట్టే అనుకుని తవ్వండి.

లాక్‌తో ఆ హామీ ఇవ్వడం తేలిక. టేబుల్ కూడా ఒక రిఫరెన్స్ పట్టుకోవాలి. వెతకడం, పెంచడం ఒకే లాక్ కింద జరగాలి. టేబుల్ నుంచి తీసేయడం కూడా అదే లాక్ కింద జరిగి, టేబుల్ తన రిఫరెన్స్‌ని ఆ తర్వాతే వదలాలి. పద్ధతి సరైనదే, కానీ ప్రతి ప్యాకెట్టూ లాక్ కోసం కాచుకుంటుంది.

అందుకే నెట్‌వర్కింగ్ కోడ్ ఆర్‌సీయూని (రీడ్-కాపీ-అప్‌డేట్, లాక్ లేకుండా చదవనిచ్చే పద్ధతిని) వాడుతుంది. మనం రీడ్ సెక్షన్‌లో, అంటే చదువుతున్నామని ఆర్‌సీయూకి చెప్పిన కోడ్ భాగంలో, ఉన్నంతసేపూ ఆ మెమరీని ఫ్రీ చేయకుండా ఆపుతుంది. మెమరీ ఉంటుంది సరే, కౌంట్ మాత్రం ఈలోపు సున్నా అయిపోయి ఉండొచ్చు. కాబట్టి సాక్_హోల్డ్ బదులు రిఫ్‌కౌంట్_ఇంక్_నాట్_జీరో వాడతాం. సున్నా ఉంటే అది పెంచదు, కుదరలేదని చెబుతుంది. అప్పుడు ఆ సాకెట్ దొరకనట్టే లెక్క.

టీసీపీ సాకెట్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. వాటి స్లాబ్‌కి (ఒకే రకం వస్తువులకి మెమరీ ఇచ్చే నిల్వకి) టైప్‌సేఫ్_బై_ఆర్‌సీయూ అనే ఫ్లాగ్ ఉంటుంది. ఫ్రీ అయిన చోటు టీసీపీ సాకెట్‌గానే మిగులుతుంది, కానీ మన రీడ్ సెక్షన్ అయ్యేదాకా ఆగకుండా వెంటనే ఇంకో కనెక్షన్‌కి వెళ్లిపోవచ్చు. కౌంట్ పెంచడం కుదిరింది, కానీ పెంచింది ఎవరి సాకెట్‌ది? అందుకే పెంచాక అడ్రస్‌లు, పోర్ట్‌లు మళ్లీ సరిచూస్తారు. కలవకపోతే పుట్ చేసి, వెతుకులాట మొదటినుంచి. ఐనెట్_లుకప్_ఎస్టాబ్లిష్డ్ (పేరు ముందు రెండు అండర్‌స్కోర్‌లు ఉన్నది) తెరిచి చూడండి, ఈ రెండో పరీక్ష పెంచిన వెంటనే కనబడుతుంది. అనవసరమనుకుని దాన్ని తీసేస్తే ఒకరి ప్యాకెట్ ఇంకొకరి కనెక్షన్‌లో పడుతుంది.

బగ్‌ని రప్పించాలంటే టెస్ట్ కెర్నెల్‌లో, వెతకడానికీ పెంచడానికీ మధ్య ఎమ్‌డిలే (నిద్రపోకుండా కాసేపు ఆపే ఫంక్షన్) పెట్టి ఆ ఖాళీని పెద్దది చేయండి. ఎమ్‌స్లీప్ వద్దు, రీడ్ సెక్షన్‌లో నిద్రపోకూడదు. కేసాన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నెల్ సాధనం) ఆన్ చేసి ఉంచండి. తప్పు ఎక్కడ జరిగిందో, ఆ మెమరీ ఎక్కడ తీసుకున్నారో, ఎక్కడ ఫ్రీ చేశారో మూడు స్టాక్‌లూ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చెప్పే వరుసలు) చూపిస్తుంది. 2017లో 4.11 కెర్నెల్‌తో వచ్చిన రిఫ్‌కౌంట్_టీ (రిఫరెన్స్ కౌంట్ కోసమే ఉన్న డేటా రకం) కూడా, సున్నా మీద పెంచితే "అడిషన్ ఆన్ 0" అని వార్నింగ్ ఇస్తుంది.

ఆ వార్నింగ్ చూడగానే టెన్షన్‌లో ఇంక్_నాట్_జీరోకి మార్చేసి ఊరుకునే ప్యాచ్‌లు రాయకండి. ఆర్‌సీయూ కానీ లాక్ కానీ లేని చోట ఇంక్_నాట్_జీరో చదివేది కూడా ఫ్రీ అయిన మెమరీనే. వార్నింగ్ పోతుంది, బగ్ అలాగే ఉంటుంది.

ఈ వారం అభ్యాసం: ఎస్‌కే_రీసెట్_టైమర్ చదవండి. అది ముందు మాడ్_టైమర్ (టైమర్ ఎప్పుడు మోగాలో పెట్టే ఫంక్షన్) పిలుస్తుంది, టైమర్ అంతకుముందు పెండింగ్‌లో లేకపోతేనే ఆ తర్వాత సాక్_హోల్డ్ చేస్తుంది. ఆ రెండింటి మధ్య ఇంకో సీపీయూ మీద టైమర్ మోగి, హ్యాండ్లర్ చివర్లో సాక్_పుట్ చేస్తే? పిలిచేవాళ్ల దగ్గర ఏ లాక్, ఎన్ని రిఫరెన్స్‌లు ఉంటాయో వెతికి, గళ్లు గీసి రాసుకోండి. 5వ పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.