వానల్లో మా రాజాగాడి గోకుడు

చెన్నైలో కార్తీకం వానలు మొదలయ్యాక మా లాబ్రడార్ కుక్క రాజాగాడిది ఒకటే గోకుడు. చంకల్లో, కాలివేళ్ల సందుల్లో చర్మం ఎర్రబడి జిడ్డు, ముక్కిన కంపు. పక్కింటి నెల్లూరు పిన్నిగారు వేపనూనె రాయమన్నారు. అసలే జిడ్డు, దానిమీద నూనా! వేపేరిలోని మద్రాసు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాం.

డాక్టరుగారు సెల్లోటేపు ముక్క చర్మానికి అంటించి తీసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూపించారు. వేరుశనక్కాయల్లాంటి కణాలు, గుంపులు గుంపులుగా! మలసీజియా అనే ఈస్టట, అంటే ఒక రకం ఫంగస్. ఒంటిమీద ఎప్పుడూ ఉండేదే, తేమ దొరికితే పెచ్చుమీరుతుంది. గజ్జి పురుగేమోనని చర్మం గీకి కూడా చూశారు. లేదు.

క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్, ఫంగస్ మందు మైకోనజోల్ 2 శాతం చొప్పున ఉన్న షాంపూ రాశారు, వారానికి 2 సార్లు. కిటుకంతా నురగను 10 నిమిషాలు ఒంటిమీద ఉంచడంలోనే ఉంది. వాడు ఒక్కసారి విదిలిస్తే బాత్‌రూమ్ గోడలన్నీ నురగే! గిన్నెలో పెరుగన్నం పెట్టి, వాడు నాకుతున్నంతసేపూ మా ఆయన మెడ పట్టుకునేవారు. తర్వాత వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడిచి ఫ్యాను కింద పడుకోబెట్టేదాన్ని.

ముందు కంపు పోయింది, తర్వాత ఎరుపు. నల్లగా మందమైన చోట వెంట్రుకలు రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.