అనాథ గ్రాహకం ఒక జన్యువును నియంత్రిస్తోందని నిర్ధారించుకోవడం ఎలా?

ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పట్టుకుని జన్యువులను నియంత్రించే ప్రోటీన్ ఈస్ట్రోజెన్ గ్రాహకం. దాని మీద పనిచేసేవారి చేతిలో ఒక మీట ఉంటుంది. కణాలకు హార్మోన్ అందిస్తే జన్యువు పనిచేస్తుంది, ఆపేస్తే తగ్గుతుంది. మానవుల్లోని ఇలాంటి 48 కేంద్రక గ్రాహకాల్లో అనాథలనిపించుకున్నవాటికి ఆ మీట లేదు. వాటి జన్యువులు ముందుగా దొరికాయి కానీ, వాటికి అతుక్కునే సహజ అణువేదో అప్పటికి తెలియదు. అందువల్ల గ్రాహకం మోతాదును, అది కూర్చునే డీఎన్ఏ చోటును, అది వెంట తెచ్చుకునే ప్రోటీన్లను విడివిడిగా మార్చి చూడడమే మనకున్న మార్గం.

ఉదాహరణకు రెవ్-ఎర్బ్ ఆల్ఫాను తీసుకుందాం. థైరాయిడ్ హార్మోన్ గ్రాహక జన్యువుకు ఎదురుగా ఉన్న డీఎన్ఏ పోగు మీద 1989లో బయటపడిన ఈ గ్రాహకానికి హీమ్ అనే ఇనుమున్న అణువు అతుక్కుంటుందని 2007లో తేలింది. కాబట్టి కచ్చితంగా చెప్పాలంటే ఇది దత్తతకు వెళ్లిన అనాథ. జన్యువులను పైకి లేపే ఉత్తేజక ప్రోటీన్లను పట్టుకోవడానికి అవసరమైన పన్నెండవ హెలిక్స్ (మెలి తిరిగిన భాగం) దీనికి లేదు కనుక, జన్యువులను అణచడమే దీని ప్రధానమైన పని. శరీర గడియారాన్ని నడిపే బీమాల్-1 జన్యువు దీని లక్ష్యాల్లో బాగా తెలిసినది.

మొదట ప్రమోటర్ వరుసను, అంటే జన్యువుకు ముందుండి దాన్ని నడిపే డీఎన్ఏ భాగాన్ని, రెండు పోగుల మీదా చదవాలి. ఏ, టీ అక్షరాలు ఎక్కువగా ఉన్న చిన్న ముక్క, దాని వెంటనే 'ఏజీజీటీసీఏ' అనే ఆరు అక్షరాలు కనిపిస్తే అది ఈ గ్రాహకం కూర్చోగల చోటు. బీమాల్-1 ప్రమోటర్‌లో అలాంటివి రెండు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఒక్కో చోట ఒక్కో రెవ్-ఎర్బ్ కూర్చున్నా, జన్యువును అణచడానికి తోడ్పడే ఎన్‌కోర్ అనే సహనిరోధక ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకోవడానికి రెండూ కలవాలి. కాబట్టి ఈ చోట్లను ఒక్కొక్కటిగానూ, రెండింటినీ కలిపీ మార్చిన ప్లాస్మిడ్‌లు (కణాల్లోకి పంపే చిన్న డీఎన్ఏ వలయాలు) తయారుచేసుకోవాలి.

తర్వాత ఆ ప్రమోటర్‌ను వెలుగునిచ్చే మిణుగురు లూసిఫరేజ్ జన్యువుకు ముందు అమర్చి, రెవ్-ఎర్బ్ ప్లాస్మిడ్ మోతాదును పెంచుకుంటూ కణాల్లోకి పంపి, వెలుగు ఎంత తగ్గిందో కొలవాలి. కొత్తవారు తరచుగా పొరబడేది ఇక్కడే. అదే చోట కూర్చుని జన్యువును పైకి లేపే ఆర్ఓఆర్ ఆల్ఫా అనే మరో గ్రాహకం ఆ కణాల్లో తగినంత లేకపోతే, వెలుగు మొదటి నుంచీ తక్కువగానే ఉంటుంది. అణచడానికి ఏమీ మిగలదు. అప్పుడు రెవ్-ఎర్బ్ పనిచేయడం లేదని తేల్చేయకుండా, ఆర్ఓఆర్‌ను కూడా కలిపి మళ్లీ చూడాలి. చోటు మార్చిన ప్లాస్మిడ్‌లో తగ్గుదల మాయమైతేనే ఫలితాన్ని నమ్మవచ్చు.

ప్లాస్మిడ్ మీద కనిపించినది క్రోమాటిన్ మీద, అంటే కణంలో హిస్టోన్ ప్రోటీన్లకు చుట్టుకుని ఉన్న డీఎన్ఏ మీద, కూడా జరుగుతోందా అన్నది చిప్ పరీక్ష చెబుతుంది. ఒక ప్రోటీన్‌ను, అది అంటుకున్న డీఎన్ఏ ముక్కతో సహా, యాంటీబాడీతో బయటికి లాగే పరీక్ష ఇది. ప్రోటీన్లు డీఎన్ఏకు అతుక్కుపోయేలా కణాలను 1 శాతం ఫార్మాల్డిహైడ్‌లో 10 నిమిషాలు ఉంచి, గ్లైసిన్‌తో ఆ చర్యను ఆపి, ధ్వని తరంగాలతో డీఎన్ఏను ముక్కలు చేయాలి. కొద్దిగా తీసి జెల్ మీద నడిపితే 200 నుంచి 500 బేస్ జతల మధ్య పొగ చారలాంటి మరక కనిపించాలి; మరక అంతకన్నా పైన నిలిచిపోతే, పక్కనున్న వరుసలు కూడా లక్ష్యాలుగా కనిపించి మోసం చేస్తాయి. రెవ్-ఎర్బ్ యాంటీబాడీతో పాటు ఎన్‌కోర్‌కు, హెచ్‌డాక్-3కి కూడా విడిగా పరీక్ష చేయడం తప్పనిసరి అని నేను గట్టిగా చెబుతాను. ఎందుకంటే హిస్టోన్ల మీది ఎసిటైల్ గుంపులను తొలగించి జన్యువును మూసేది హెచ్‌డాక్-3. గ్రాహకం కూర్చున్నంత మాత్రాన నియంత్రణ జరిగినట్టు కాదు. పోలిక కోసం మామూలు ఐజీజీతో (ఈ ప్రోటీన్లలో దేన్నీ ప్రత్యేకంగా పట్టుకోని యాంటీబాడీతో) ఒక నమూనా, సంబంధం లేని జన్యు భాగం మీద ఒక కొలత తప్పక ఉండాలి.

చివరగా గ్రాహకాన్నే తగ్గించి చూడాలి. ఆల్ఫాను ఒక్కదాన్నే ఎస్ఐఆర్ఎన్ఏతో (ఎంచుకున్న జన్యువు సందేశాన్ని నాశనం చేయించే చిన్న ఆర్ఎన్ఏతో) తగ్గిస్తే, దాని జోడీ అయిన రెవ్-ఎర్బ్ బీటా చాలావరకు ఆ లోటు తీరుస్తుంది. అందుకే రెండింటినీ కలిపి తగ్గించాలి. పైగా ఈ గ్రాహకం మోతాదు రోజులో వేళను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి, ఏదో ఒక వేళ తీసిన ఒకే నమూనాను ఆధారం చేసుకోకూడదు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందుతో కణాల గడియారాలను ఒకే వేళకు తెచ్చి, 4 గంటలకొకసారి చొప్పున 48 గంటలపాటు ఆర్ఎన్ఏ సేకరించాలి. మామూలు కణాల్లో రెవ్-ఎర్బ్ ఎంఆర్ఎన్ఏ (జన్యువు నుంచి వెలువడే సందేశం) ఎక్కువగా ఉన్న వేళ బీమాల్-1 తక్కువగా ఉంటుంది. రెండు రెవ్-ఎర్బ్‌లూ తగ్గిన కణాల్లో బీమాల్-1 ఆ కిందికి దిగడం మానేసి ఎక్కువ స్థాయిలోనే చదునుగా నిలిస్తే, నియంత్రణ నిజమేనని రాయవచ్చు.