దక్కనీయా, నెల్లూరా? టేపుతో గొర్రె జాతిని తేల్చుకోవడం ఎలా?

మన అంగళ్ళలో కాస్త పొడుగ్గా, ఒంటిమీద ఉన్ని లేకుండా కనిపించిన ప్రతి గొర్రెకీ "నెల్లూరు" అనే పేరు పెట్టేస్తారు. నేను కూడా ఒకసారి అలాగే దేవరకొండ వైపు ఒక పొట్టేలును "అసలు నెల్లూరు" అంటే నమ్మి మామూలు ధర కంటే ఎక్కువ పెట్టి తెచ్చుకున్నాను. మరుసటి ఈతకి పుట్టిన పిల్లల్లో సగానికి వీపుమీద ముతక ఉన్ని పట్టింది. నా మందలో ఉన్నవన్నీ ఉన్ని లేని గొర్రెలే, మరి ఆ ఉన్ని ఎక్కడిది? అప్పటినుంచి జీవాన్ని చూడ్డానికి వెళ్తే సంచిలో దర్జీ టేపు ఉండాల్సిందే.

ముందు మన దగ్గర ఏవేవి తిరుగుతున్నాయో తెలిసి ఉండాలి. నల్గొండ, మహబూబ్‌నగర్ నేలకి పాతకాలం నుంచి ఉన్నది దక్కనీ, అంటే మన నల్ల గొర్రె, కురుమలు ఉన్ని కత్తిరించి గొంగళ్ళు నేసేది దీని బొచ్చుతోనే. రెండోది నెల్లూరు. మన దేశపు గొర్రెల్లో అన్నిటికన్నా పొడగరి అని దీనికి పేరు. ఇందులో మళ్ళీ తెల్లగా ఉండేది పల్ల, తెల్లటి ఒంటికి మూతి దగ్గర, కళ్ళ చుట్టూ నల్ల మచ్చలుంటే జోడిపి, ఒళ్ళంతా గోధుమ రంగైతే దొర. కృష్ణ దాటితే మాచర్ల గొర్రె, తెల్లటి ఒంటిమీద పెద్ద పెద్ద నల్ల లేదా గోధుమ మచ్చలు. నాగార్జునసాగర్ చుట్టుపక్కల దీన్ని జోడిపి అనుకుని కొనేవాళ్ళు బోలెడుమంది. మక్తల్, నారాయణపేట వైపు వెళ్తే కర్ణాటక నుంచి వచ్చిన బళ్ళారి, ముదురు గోధుమ రంగు కెంగూరి కూడా కనిపిస్తాయి. ఈ కెంగూరిని దొర అని అమ్మడం కూడా ఉంది. దీనికి తోడు 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యూనిట్లు ఇచ్చినప్పుడు పక్క రాష్ట్రాల నుంచి జీవాలు పెద్ద ఎత్తున వచ్చాయి, మందల్లో కలిశాయి. కాబట్టి రంగు చూసి జాతి చెప్పే రోజులు పోయాయనే నా అభిప్రాయం.

ఇక పని మొదలుపెడదాం. కావాల్సింది దర్జీ టేపు ఒకటి, నిలువుగా నిలబడే కొలకర్ర ఒకటి, వడ్రంగి దగ్గర ఉండే మూలమట్టం ఒకటి, పట్టుకోవడానికి ఇంకో మనిషి. పొద్దున్నే, మేతకి తోలకముందు, నీళ్ళు తాగకముందు కొలవాలి. నిండు చూలుతో ఉన్నవాటిని వదిలేయండి. అవి బెదిరితే ప్రమాదం, పైగా కొలతలు కూడా తప్పుతాయి.

తర్వాత నోరు తెరిచి పళ్ళు చూడండి. కింది దవడ ముందు వరసలో చిన్న చిన్న పాలపళ్ళు ఎనిమిదీ ఉంటే అది ఇంకా పిల్ల, దాన్ని కొలిచి జాతి తేల్చలేం. ఏడాది, ఏడాదిన్నర మధ్యలో రెండు పెద్ద పళ్ళు వస్తాయి, రెండేళ్ళ ప్రాంతంలో నాలుగు, మూడేళ్ళకి కాస్త అటూ ఇటూగా ఆరు, ఆ తర్వాత నోరు నిండుతుంది. "నాలుగు పండ్లది" అని మనవాళ్ళు అంటారే, కనీసం ఆ దశకి వచ్చిన వాటినే కొలవండి. రెండు పండ్ల నెల్లూరునీ, ఎనిమిది పండ్ల దక్కనీనీ పక్కపక్కన పెట్టి పోల్చి "రెండూ ఒకే ఎత్తున్నాయి కదా" అనే వాదన నేను చాలాసార్లు విన్నాను.

ఎత్తు కొలవడం దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. జీవాన్ని చదునైన నేలమీద, వీలైతే బండమీద, నాలుగు కాళ్ళూ సరిగ్గా ఆనేట్టు నిలబెట్టాలి. తల పైకెత్తి లాగితే మూపు, అంటే మెడ వీపుతో కలిసే చోటు, పైకి లేస్తుంది, కిందికి వంచితే పడిపోతుంది, అందుకే తల మామూలుగా ఉండేట్టు చూడమని పట్టుకున్నవాళ్ళకి చెప్పండి. ముందుకాలు పక్కన కొలకర్ర నిలబెట్టి, మూలమట్టం అంచు మూపు మీద అడ్డంగా ఆనించి, కర్రకి ఎక్కడ తగిలిందో చూడాలి. టేపును ఒంటికి ఆనించి వంపుల వెంట కిందికి దించితే రెండు మూడు సెంటీమీటర్లు ఊరికే ఎక్కువ వస్తాయి.

పొడవు అంటే మూతి నుంచి తోకదాకా కాదు. ముందు భుజం దగ్గర పొడుచుకొచ్చినట్టు తగిలే ఎముక నుంచి, వెనక తోక మొదలుకి పక్కన చేతికి గట్టిగా తగిలే పిర్ర ఎముక దాకా, నేరుగా. చాతీ చుట్టుకొలత ముందుకాళ్ళ వెనకాలే, మోచేతుల పక్కనుంచి టేపు చుట్టి, బిగించకుండా వదులు చేయకుండా తీసుకోవాలి. ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్తాను. ఉన్ని కత్తిరించని దక్కనీకి టేపు చుట్టి చాతీ భలే ఉందని మురిసిపోయాను, కత్తెర పడ్డాక మళ్ళీ కొలిస్తే నాలుగు సెంటీమీటర్లు మాయం! ఉన్ని గొర్రె అయితే కత్తిరింపు అయ్యాకే కొలవండి, లేదా బొచ్చును పాయ తీసి చర్మానికి ఆనేట్టు టేపు పెట్టండి.

ఇంకొక్క కొలత, దీన్ని చాలామంది వదిలేస్తారు. మూపు నుంచి రొమ్ము అడుగు దాకా చాతీ లోతు. ఎత్తులోంచి దీన్ని తీసేస్తే మిగిలేది కాళ్ళ పొడవు, అసలు గుట్టంతా అందులోనే ఉంది.

ఎందుకంటే మేత బాగున్న ఏడు అన్ని జాతులూ లావెక్కుతాయి, కరువు ఏడు అన్నీ చిక్కుతాయి, బరువు చాతీ అటూ ఇటూ అవుతూనే ఉంటాయి. ఎదిగిన జీవం ఎముకల పొడవు మాత్రం అంత తేలిగ్గా మారదు. నెల్లూరు ఆడ గొర్రె ఎత్తు సుమారు 70 సెంటీమీటర్లు, ఆపైన, పొట్టేలు 75 దాటడం మామూలే. దక్కనీ ఆడది 65కి అటూ ఇటూ. మధ్యలో పడేవి ఉంటాయి చూశారా, వాటికే నిష్పత్తి కావాలి. ఎత్తును పొడవుతో భాగించండి. ఎత్తు 74, పొడవు 67 అనుకుందాం, 1.10 వస్తుంది, అది పొడుగు కాళ్ళ జాతి లెక్క. ఎత్తు 65, పొడవు 64 అయితే 1.02, అంటే ఒళ్ళు చదరంగా ఉన్న గొర్రె, దక్కనీ తరహా. ఒకటి కంటే తక్కువ వచ్చిందంటే నేలకి దగ్గరగా, దిట్టంగా ఉండే మండ్య లాంటి పొట్టి జాతి రక్తం ఉందేమో చూడాలి. మండ్యకి వెనకనుంచి చూస్తే తొడల మధ్య బోర్లించిన యూ ఆకారం కనిపిస్తుంది, అది ఒక గుర్తు. చాతీ లోతు కంటే కాళ్ళు బాగా పొడుగ్గా ఉంటే నెల్లూరు వైపు, రెండూ దగ్గర దగ్గరగా ఉంటే దక్కనీ వైపు మొగ్గు.

టేపు చెప్పింది కంటితో సరిచూసుకోండి. నెల్లూరుకి రొమ్ము, మూపు, తొడల వెనక తప్ప ఒంటిమీద పెద్దగా వెంట్రుక ఉండదు, చెవులు పొడుగ్గా వేలాడతాయి, చాలా వాటికి మేక మెడకుండే చన్నుల్లాంటివి ఉంటాయి. దక్కనీకి ముక్కు వంపు తిరిగి ఉంటుంది, ముతక ఉన్ని, రంగు ఎక్కువగా నలుపు. కొమ్ములు చూసి తేల్చలేం, రెండిట్లోనూ పొట్టేళ్ళకి ఉంటాయి, ఆడవాటికి దాదాపు ఉండవు. టేపు నెల్లూరు అంటుంటే వీపుమీద ఉన్ని పాయలు కనిపించాయా, అది సంకరం, నేను తెచ్చుకున్న పొట్టేలు సరిగ్గా ఇదే.

ఒక్క జీవాన్ని కొలిచి మంద జాతి చెప్పేయకండి. అమ్మేవాళ్ళు ఎప్పుడూ మందలోకెల్లా మంచిదాన్నే ముందుకి తోస్తారు. మీ అంతట మీరు పది, పదిహేను ఎదిగిన ఆడ గొర్రెల్ని ఏరి కొలిచి, ఆడవి ఒక పేజీలో, పొట్టేళ్ళు ఇంకో పేజీలో రాసుకోండి. నిష్పత్తులన్నీ ఒకచోట గుంపుగా పడితే మంద ఒక్క జాతిదే. 1.00 నుంచి 1.12 దాకా చెల్లాచెదురుగా ఉంటే మాత్రం కలగాపులగం మంద, దానికి ఏ జాతి పేరు చెప్పి ధర అడిగినా ఒప్పుకోవద్దు.

ఎలాగూ టేపు పట్టుకున్నారు కాబట్టి బరువు కూడా చూసుకోవచ్చు. చాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్ళీ పొడవుతో గుణించి, వచ్చినదాన్ని 10,840తో భాగిస్తే దాదాపు కిలోలు వస్తాయి. చాతీ 75, పొడవు 66 అయితే 34 కిలోల చిల్లర. తూకమంత కచ్చితం కాదు గానీ, "నలభై కిలోలకి తక్కువ తూగదు" అని ఒట్టేసేవాళ్ళ ముందు ఫోన్లో ఈ లెక్క వేసి చూపిస్తే బేరం అక్కడినుంచే కిందికి దిగడం మొదలవుతుంది.