ఆరో నెల వేరు, ఆరు నెలలు నిండటం వేరు: పాపాయికి ఉగ్గు ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి

మా ఇంట్లో అన్నం గొడవ క్యాలెండర్ దగ్గర మొదలైంది. పాప పుట్టింది జనవరి 10న. జూన్ 10 దాటిందో లేదో మా అత్తయ్య "ఆరో నెల పడిందిగా అమ్మాయ్, ఇంక రెండు మెతుకులు నలిపి పెట్టు, ఎంతకాలమని పాలతోనే నెట్టుకొస్తావ్" అని అందుకున్నారు, ఫోన్లో మా అమ్మేమో "డాక్టరు గారు ఆరు నెలలకే పెట్టమన్నారు కదే" అని ఆవిడకే వంత పాడింది. నిజానికి అక్కడ ఎవరి మాటా తప్పు కాదు, లెక్కే వేరు. మనం ఆరో నెల అన్నామంటే నడుస్తున్న నెల. డాక్టర్లు ఆరు నెలలు అన్నారంటే నిండినవి, అంటే 180 రోజులు. మా పాపకి అవి జూలై 9కి నిండాయి. ఒక్క మాట తేడాకి నెల రోజులు ముందుకి జరిగిపోతుందన్నమాట. కాబట్టి ముందు టీకాల కార్డు తీసి, పుట్టిన తేదీ చూసి, 180 రోజులు లెక్కపెట్టి గోడ క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టేయండి. ఇంట్లో సగం వాదన అక్కడే చల్లబడుతుంది.

పెద్దవాళ్ళని మరీ తప్పు పట్టక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థే 2001 దాకా 4 నుంచి 6 నెలల మధ్య మొదలుపెట్టమనేది, ఆ ఏడాదే ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే అని మార్చింది. అంతకుముందు పిల్లల్ని కన్న అక్కలూ వదినలూ "మేం నాలుగో నెలలోనే పెట్టాం, ఏమైంది?" అంటే వాళ్ళకి అప్పట్లో చెప్పింది అదే మరి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా ఆరు నెలలు నిండగానే ఇంట్లో వండిన మెత్తని ఆహారం మొదలుపెట్టమనే ఉంది. అప్పటిదాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు, మన మే నెల ఎండల్లో అయినా సరే, పాలల్లోనే కావలసినంత నీరుంటుంది.

ముందు పెట్టడం ఎంత తప్పో వెనక్కి జరపడమూ అంతే తప్పు, దీన్ని చాలామంది పట్టించుకోరు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ దాచుకున్న ఐరన్ దాదాపు ఆరు నెలలకి కరిగిపోతుంది, తల్లిపాలల్లో ఐరన్ చాలా తక్కువ. అందుకే ముహూర్తం కుదరలేదనో, అమ్మమ్మగారింటి నుంచి వచ్చాక చూద్దామనో ఎనిమిది నెలల దాకా ఆగకండి.

ముహూర్తం అన్నాను కాబట్టి అన్నప్రాసన సంగతి. ఆనవాయితీ ప్రకారం మగపిల్లలకి సరి నెలలు, అంటే 6 లేదా 8, ఆడపిల్లలకి బేసి నెలలు, 5 లేదా 7. ఇక్కడ ఆడపిల్లల తల్లులకి ఒక మంచి వెసులుబాటు ఉంది. నడిచే లెక్కలో ఏడో నెల మొదలయ్యేది సరిగ్గా ఆరు నెలలు నిండాకే కదా, పంతులుగారిని ఐదో నెల వద్దు, ఏడో నెలలో చూడమనండి, శాస్త్రమూ డాక్టరూ ఇద్దరూ సంతోషిస్తారు. మగపిల్లాడైతే కొంచెం చిక్కే, ఆరో నెలంటే ఇంకా ఐదే నిండి ఉంటాయి, ఎనిమిదో నెలంటే ఏడు నిండిపోతాయి. మా పెద్దాడికి వేడుక ఎనిమిదో నెలలోనే చేశాం, ఉగ్గు మాత్రం ఆరు నిండిన మర్నాడే మొదలుపెట్టాం. ఆరో నెలలోనే చేసి తీరాలని పెద్దలు పట్టుబడితే బంగారపు ఉంగరంతో పాయసం పెదవికి తాకించి, పుస్తకం, పెన్ను, డబ్బు, కత్తి ముందు పెట్టి వాడు దేని మీద చెయ్యి వేస్తాడో చూసి ఫోటోలు దిగండి. వేడుక ఒక రోజు, తిండి ఆ తర్వాత రోజూ. రెండింటినీ ముడిపెట్టొద్దు. కానీ ఆ పాయసంలో తేనె ఉండకూడదు, కారణం కింద చెప్తాను.

తేదీ వచ్చినంత మాత్రాన బిడ్డ సిద్ధమైపోవాలని లేదు, కాబట్టి బిడ్డనీ చూడండి. ఒళ్ళో ఆనించి కూర్చోబెడితే మెడ తూలకుండా నిలబడాలి. మీరు తింటుంటే ముద్ద వెంట కళ్ళు తిప్పుతుంటారు, నోరు చప్పరిస్తుంటారు. చెంచా నోట్లో పెట్టగానే నాలుకతో బయటికి తోసేసే అలవాటు తగ్గాలి. ఒకటి రెండు రోజులు తోసేస్తే కంగారు పడకుండా నాలుగు రోజులాగి మళ్ళీ పెట్టండి. రాత్రుళ్ళు లేస్తోందనో, పిడికిలి నోట్లో పెట్టుకుంటోందనో "పాలు చాలట్లేదు" అని తేల్చేయకండి, అది ఆ వయసులో అందరు పిల్లలూ చేసే పనే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే లెక్క వేరేగా ఉంటుంది, చూస్తున్న డాక్టర్నే అడగండి.

ఇక వండటం. ఒక కప్పు పాత బియ్యం, అర కప్పు పెసరపప్పు. రెండిటినీ మూడు నాలుగు సార్లు నీళ్ళు పోసి కడిగి, వడగట్టి, పలుచటి నూలు గుడ్డ మీద నీడలో పూర్తిగా ఆరనివ్వాలి, చేత్తో తీస్తే చేతికి అంటకూడదు. అడుగు మందంగా ఉన్న మూకుట్లో సన్నసెగ మీద విడివిడిగా వేయించండి, పప్పు కమ్మటి వాసనొచ్చి రంగు మారడం మొదలవగానే దించేయాలి, ఎర్రబడితే ఉగ్గు చేదెక్కుతుంది. చివర్లో అర చెంచా జీలకర్ర. చల్లారాక మిక్సీలో సన్న రవ్వలా పట్టి తడిలేని సీసాలో పెట్టుకోండి, రెండు వారాలకి సరిపడానే చేసుకోండి, వానాకాలంలో పురుగు పడుతుంది. వండేటప్పుడు రెండు చెంచాల రవ్వని ముందే గ్లాసుడు చల్లటి నీళ్ళలో కలిపి పొయ్యి మీద పెట్టాలి, మరిగే నీళ్ళలో పోశారో ఉండలే ఉండలు. పది పన్నెండు నిమిషాలు కలుపుతూ ఉడికించి, దించాక అర చెంచా నెయ్యి.

నా తప్పు ఇక్కడే జరిగింది. పెద్దాడికి గొంతుకి అడ్డం పడుతుందేమోనన్న భయంతో మూడు నెలలపాటు పప్పు కట్టు, గంజి, నీళ్ళలాంటి ఉగ్గు పోశాను. వాడు కడుపునిండా తాగేవాడు, నేను మురిసిపోయేదాన్ని, తొమ్మిదో నెలలో తూకం వేస్తే రెండు నెలలుగా బరువు కదల్లేదు, రక్తం తక్కువుందన్నారు. ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది దాదాపు 200 మిల్లీలీటర్లు. పాలు కాక బయటి తిండి నుంచి ఆ వయసులో రోజుకి ఓ 200 కేలరీలు రావాలి. ఆ చిన్న పొట్టని పప్పు నీళ్ళతో నింపేస్తే బలం ఎక్కడికి పోతుంది చెప్పండి. అందుకే చెంచా పరీక్ష: ఉగ్గుని చెంచాలోకి తీసి కాస్త వంచండి, గబుక్కున జారిపోతే పలుచన, చెంచాని పట్టుకుని మెల్లగా జారితే సరిగ్గా ఉన్నట్టు. మొదటి మూడు నాలుగు రోజులు మింగడం అలవాటు కావడానికి కొంచెం పలుచగా, పిండిన తల్లిపాలు కలిపి ఇవ్వండి, ఆ తర్వాత చిక్కబరచండి. పాలసీసాలో పోసి తాగించడం మాత్రం అసలొద్దు.

మొదటి రోజు ఉదయం పూట పెట్టండి, పాలు తాగిన గంటా గంటన్నరకి, మరీ ఆకలితోనూ నిద్రమత్తులోనూ లేనప్పుడు. ఉదయమే ఎందుకంటే పడకపోతే పగలే తెలుస్తుంది. రెండు మూడు చెంచాలు, రోజుకి రెండుసార్లు, అంతే. ఎనిమిది నెలలు వచ్చేసరికి 250 మిల్లీలీటర్ల కప్పులో సగం చొప్పున రెండు మూడు సార్లు, తొమ్మిది నుంచి ఏడాది లోపు అదే కప్పు సగం మూడు నాలుగు సార్లు, ఈసారి మెత్తగా రుబ్బకుండా చేత్తో నలిపి, మధ్యలో పండు లాంటిది ఒకటి. ఏడాది నిండాక మనం తినేదే, కారం తగ్గించి. పాలు మానేయమని కాదు, తల్లిపాలు రెండేళ్ళ దాకా, ఇంకా ఇవ్వగలిగితే ఆ తర్వాత కూడా.

ఉగ్గు అలవాటయ్యాక వారాల తరబడి దానిమీదే ఉండిపోకండి. ఒక్కో కొత్తది చేర్చి రెండు మూడు రోజులు చూడండి. ఉడికించిన గుమ్మడి, క్యారెట్, చిలగడదుంప, బాగా మగ్గిన చక్కెరకేళి, బొప్పాయి. రాగి జావ తప్పకుండా, 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకలొచ్చాక ఆరబెట్టి పిండి పట్టిస్తే ఇంకా మంచిది, మొలకెత్తినప్పుడు తయారయ్యే ఎంజైము పిండిని విడగొడుతుంది కాబట్టి ఎక్కువ పిండి వేసినా జావ గట్టిపడదు. సన్నసెగ మీద కాస్త వెచ్చబెడితే చాలు, మాడిస్తే ఆ గుణం పోతుంది.

ఐరన్ కోసం మాంసం తినే ఇళ్ళలో మొహమాటం వదిలేయండి, బాగా ఉడికించి మెదిపిన కోడి కాలేయం, ముళ్ళు లేకుండా తీసిన చేప, పూర్తిగా ఉడికిన గుడ్డు, ఇవన్నీ ఏడో నెల నుంచే పెట్టొచ్చు. శాకాహారులైతే పప్పూ ఆకుకూరా ఉడికించి దాంట్లో నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, విటమిన్ సి ఉంటేనే ఆ ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు, దాన్ని అలమారాలో పెట్టి మర్చిపోకండి, నేను ఒక సీసా అలాగే పారేశాను. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ళ దాకా నెలకి రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ ఇస్తారు, గోధుమలు, శనగపప్పు, పాలపొడితో చేసింది, చక్కెర కూడా ఉంటుంది, కానీ డబ్బులు పోసి కొనే డబ్బా ఫుడ్ కంటే దాన్ని చిన్నచూపు చూడాల్సిన పనేం లేదు.

గుడ్డు, వేరుశనగ "పడవేమో" అని ఏడాది దాకా ఆపడం పాత మాట. ముందుగా అలవాటు చేస్తేనే వేరుశనగ అలర్జీ తగ్గుతుందని 2015లో వచ్చిన పెద్ద పరిశోధనలో తేలింది. గింజలుగా కాదు, మెత్తటి పొడిగా ఉగ్గులో చిటికెడు. తిన్న కాసేపటికి ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాయడం, ఆగని వాంతులు, ఆయాసం వస్తే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. బిడ్డకి తీవ్రమైన ఎగ్జిమా (దురదతో ఒళ్ళు ఎర్రబడే చర్మ సమస్య) ఉంటే ఈ రెండూ డాక్టర్ని అడిగాకే.

ఇక వద్దన్నవి. ఏడాది లోపు తేనె ఒక్క చుక్క కూడా వద్దు, అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా వల్ల పసిపిల్లలకి బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. మాటలు స్పష్టంగా వస్తాయని వసకొమ్ము తేనెలో అరగదీసి నాకిస్తారు చూడండి, పెద్దవాళ్ళు ఎంత ప్రేమగా చేసినా అది ఆపాల్సిందే. ఉప్పు, చక్కెర, బెల్లం ఏడాది దాకా అక్కర్లేదు. "చప్పగా ఎలా తింటుంది పాపం" అనేది మన నాలుక బాధ, దానికి ఉప్పు రుచి ఇంకా తెలీదు. ఆవుపాలు, గేదెపాలు ఏడాది దాటాకే తాగించాలి, పెరుగు మాత్రం కొంచెం పెట్టొచ్చు. టీలో ముంచిన బిస్కెట్టు అయితే ఎవరు తెచ్చినా మొహమాటం లేకుండా వెనక్కి ఇచ్చేయండి. వేరుశనగ గింజలు, మరమరాలు, గుండ్రటి ద్రాక్ష, పచ్చి క్యారెట్ ముక్క, జంతికలు, ఇవి గొంతుకి అడ్డం పడేవి, ఇంట్లో ఇంకో పిల్లాడుంటే వాడు ప్రేమగా చెల్లి నోట్లో పెట్టేస్తాడు, ఆ కన్ను వేసి ఉంచండి.

కొత్తలో బిడ్డ మొహం ఎర్రబడి, ఓక్ మని దగ్గి, ముద్ద బయటికి తెస్తుంది. అది మంచిదే, శబ్దం వస్తోందంటే గాలి ఆడుతోందన్నమాట. శబ్దమే రాకుండా, దగ్గలేక, పెదాలు నీలంగా మారితే అది అడ్డం పడటం: బిడ్డని తల కిందికి ఉండేలా మీ చెయ్యి మీద బోర్లా పడుకోబెట్టి రెండు భుజాల మధ్య అరచేత్తో ఐదు దెబ్బలు, రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య ఒక అరచేతి అడుగుభాగంతో ఐదు నొక్కులు, మళ్ళీ మొదటికి, ఈలోపు ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కనిపించని దాన్ని వేలు పెట్టి కెలక్కండి, ఇంకా లోపలికి పోతుంది. ఇది ఇంట్లో బిడ్డని చూసే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా మధ్యాహ్నాలు ఉండే అమ్మమ్మలకీ నాయనమ్మలకీ, ఒక బొమ్మ మీద చేసి చూపించండి.

తినకపోతే బలవంతం వద్దు. మూతి పక్కకి తిప్పిందంటే చాలని చెప్తున్నట్టే. ఒక రుచి నచ్చడానికి పదిసార్లయినా పట్టొచ్చు, మా పాప సొరకాయని ఎనిమిదిసార్లు ఉమ్మేసి తొమ్మిదోసారి గిన్నె లాక్కుంది. ఫోన్లో పాటలు పెట్టి నోట్లో కుక్కే అలవాటు ఒక్కసారి చేస్తే మానిపించడానికి ఏడాది పడుతుంది, పెద్దాడి దగ్గర నేర్చుకున్నాను.

మలం రంగు, వాసన మారతాయి, క్యారెట్ తింటే అదే రంగు ముక్కలు కనిపిస్తాయి, టెన్షన్ పడకండి. గట్టిగా ముక్కుతుంటే అరటిపండు నాలుగు రోజులు ఆపి బొప్పాయి పెట్టి, కాచి చల్లార్చిన నీళ్ళు తిండితోపాటు రెండు మూడు చెంచాలు తాగించండి. జ్వరమో విరేచనాలో వస్తే తిండి ఆపేయడం మన ఇళ్ళలో ఇంకా ఉంది. పాలు మరిన్నిసార్లు ఇస్తూ, తిన్నంత మెత్తగా పెడుతూనే ఉండండి, తగ్గాక రెండు వారాలపాటు రోజుకి ఒక పూట అదనంగా పెడితే పోయిన బరువు తిరిగొస్తుంది.