కిటికీ సీటు తీసుకున్నా ఏమీ కనబడలేదా? గన్నవరంలో విమానం ఎక్కేవాళ్లకు

"డబ్బు కట్టి మరీ విండో సీటు తీసుకున్నా, ఏమీ కనబడలేదు" అని గుంటూరు, విజయవాడల్లో మావాళ్లు అన్నప్పుడల్లా నేను ముందు అడిగేది ఒకటే: సీటు ఏ అక్షరం, విమానం ఎటు వెళ్లేది? చాలామంది దగ్గర జవాబుండదు. ఖాళీగా కనబడ్డ కిటికీని నొక్కేసి ఉంటారు.

సమస్య: చూడాల్సినవన్నీ అవతలి వైపు ఉండిపోయాయి

ముందుకు తిరిగి కూర్చుంటే 'ఏ' ఎడమ, 'ఎఫ్' కుడి. ఫోన్లో మ్యాప్ తెరిచి, ఈ ఊరి నుంచి ఆ ఊరికి వేలితో గీత గీయండి. హైదరాబాద్ దారిలో పులిచింతల దాదాపు కిందే వస్తుంది, నాగార్జునసాగర్ ఎడమన దూరంగా ఉంటుంది. కాబట్టి 'ఏ'. విశాఖ దారిలో కొల్లేరు, గోదావరి డెల్టా, సముద్రం అన్నీ కుడివైపే. కాబట్టి 'ఎఫ్'. తిరుగు ప్రయాణంలో ఇదంతా తారుమారు. అయినా రెండు టికెట్లకూ ఒకే అక్షరం పెట్టుకుంటారు! అర నిమిషం పని, దయచేసి చూడండి.

సమస్య: రెక్క అడ్డం

ఎయిర్‌బస్ ఏ320 అయితే సుమారు 10 నుంచి 20 వరుసల దాకా కింద రెక్కే. ముందు వరుసలు మంచివి. వెనక కూర్చుంటే ఇంజిన్ వేడిగాలికి దృశ్యం కాస్త అలలు అలలుగా కదులుతుంది. ఏటీఆర్‌లో, అంటే ప్రొపెల్లర్లుండే చిన్న విమానంలో, రెక్క పైన ఉంటుంది, నేల చూడ్డానికి అడ్డం రాదు. ఇంజిన్ పక్క వరుసలు వదిలేస్తే చాలు.

సమస్య: వైపు సరైనదే, రెక్కా లేదు, అయినా కిటికీ అంతా తెల్లగా వెలిగిపోతోంది

అసలు దెబ్బ కొట్టేది ఇదే. మ్యాప్ చూసి సీటు తీసుకున్న జాగ్రత్తపరులు కూడా ఇక్కడే దొరికిపోతారు. విమానం కిటికీ గాజు కాదు, యాక్రిలిక్ అనే ప్లాస్టిక్. దానిమీద సన్నని గీతలు ఎప్పుడూ ఉంటాయి. ఎండ సూటిగా పడిందంటే ఆ గీతలన్నీ ఒక్కసారిగా వెలిగి, ఎదురెండలో మురికి పట్టిన కారు అద్దంలా అయిపోతుంది. దానికి తోడు గాలిలోని దుమ్ము, పొగమంచు కూడా సూర్యుడున్న వైపే చిక్కగా కనబడతాయి.

అందుకే చూడాల్సింది ఎటుందో తేల్చుకున్నాక, ఆ వేళకు సూర్యుడు ఎటుంటాడో కూడా చూడాలి. మనవైపు మే మొదటివారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా తప్ప, మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపే ఉంటాడు. సంక్రాంతి రోజుల్లో ఆగ్నేయం దగ్గర పొడిచి నైరుతి దగ్గర కుంగుతాడు. ఆ రోజుల్లో సాయంత్రం హైదరాబాద్ విమానంలో 'ఏ' తీసుకుంటే, సాగర్ ఉన్న వైపే ఎండా ఉంటుంది. అప్పుడు 'ఎఫ్' తీసుకోండి. సాగర్ పోతుంది గానీ పొలాలు, చెరువులు శుభ్రంగా కనబడతాయి. సాగరే కావాలంటే పొద్దుటి విమానం చూసుకోండి, అప్పుడు సూర్యుడు వెనక ఉంటాడు. జూన్ సాయంత్రాల్లో ఈ బాధ తక్కువ, సూర్యుడు దాదాపు విమానం ముక్కుకు ఎదురుగా వాయవ్యం వైపు దిగుతాడు.

చలికాలం పొద్దున విశాఖ వెళ్లేవాళ్లకూ ఇదే చిక్కు. 'ఎఫ్'లో ఎదురెండ. కొల్లేరు నీళ్లు తళతళలాడటం కంటికి బాగుంటుంది, నాకూ ఇష్టమే, ఫోటో మాత్రం రాదు. అదే దృశ్యాన్ని సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు 'ఏ'లో కూర్చుని చూడండి, చాలా తేడా ఉంటుంది.

మిగతావి అరుదు. బోయింగ్ 737లో ఎడమవైపు ఒకటి రెండు చోట్ల ఏసీ గొట్టం వల్ల కిటికీయే ఉండదు. సీట్ మ్యాప్‌లో అనుమానంగా ఉంటే పక్క వరుస తీసుకోండి. కిటికీ మీద మంచు పువ్వులు కనబడితే తుడవకండి, అవి లోపలి పొరల మధ్య ఉంటాయి, వాటంతటవే పోతాయి. గన్నవరంలో దిగేటప్పుడు ఏ వైపు బాగుంటుందని అడుగుతారు. రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంది, ఏ కొస నుంచి దిగాలో ఆ రోజు గాలి నిర్ణయిస్తుంది. దానికోసం సీటు మార్చుకోవద్దు.