కొవ్వొత్తి మధ్యలో గుంట పడకుండా ఇలా చేశాను

అచ్చు విప్పగానే ఉసూరుమనిపించింది. పక్కలు నున్నగానే ఉన్నాయి గానీ, వత్తి చుట్టూ చిటికెన వేలు దూరేంత గుంట. రెండోసారీ అంతే.

పారఫిన్ మైనం చల్లారే కొద్దీ కుంచించుకుపోతుంది. అంచులు ముందు గట్టిపడతాయి, మధ్యలోది ఆఖరున గడ్డకడుతూ కిందికి దిగిపోతుంది. అందుకే మూడోసారి కాస్త మైనం విడిగా దాచాను. పైన పొర కట్టగానే వత్తి పక్కన సన్నటి పుల్లతో మూడు నాలుగు చోట్ల లోతుగా పొడిచాను. గుంట దిగాక, దాచిన మైనం కరిగించి నింపాను. మొదటి మట్టం దాటనివ్వకండి. దాటితే అది కొవ్వొత్తికీ అచ్చుకీ మధ్యకు జారి, తీసేటప్పుడు ఇబ్బంది పెడుతుంది.

మైనం గిన్నెను నేరుగా మంట మీద మాత్రం పెట్టొద్దు. వేడి నీళ్ళ గిన్నెలో ఉంచి కరిగిస్తే 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. మామూలు పారఫిన్‌కు 70 లోపే చాలు. నీళ్ళు ఇగిరిపోకుండా చూస్తుండాలి. పొరపాటున మైనానికి మంట అంటుకుంటే నీళ్ళు అస్సలు పోయకూడదు, స్టవ్ ఆపి మూత పెట్టేయాలి. ఆ మూత నా చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. పిల్లలకు వత్తి కట్టడం, రంగు ఎంచుకోవడం ఇస్తాను; పోసే పని నాదే.

పూర్తిగా చల్లారాక అచ్చు తిరగేసి మెల్లగా తట్టాను. ఈసారి గుంట లేదు.