కారు రిపేరు నేర్చుకుందాం – 6వ పాఠం: కూలెంట్ కారే చోటు పట్టుకోవడం, పై హోసు మార్చడం

కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) రిజర్వ్ ట్యాంకు మట్టం వారం పాటు రోజూ పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూసి రాసుకోమని పోయిన పాఠంలో చెప్పాం. ఆ మట్టం అంతకంతకూ దిగుతోందంటే ఎక్కడో పోతున్నట్టే. కూలెంట్ పెట్రోలులా ఖర్చయ్యే సరుకు కాదు. దిగినప్పుడల్లా కుళాయి నీళ్లు పోసి బండి తీసే అలవాటుంటే మానేయండి. నీళ్లు కలిసేకొద్దీ తుప్పు పట్టకుండా ఆపే మందు పలచబడుతుంది. బోరు నీళ్లయితే, నీళ్ల బిందె అంచున కట్టే తెల్ల పొరే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ కడుతుంది.

వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె (బార్‌లలో) ఉంటుంది. లోపల ఎంత ఒత్తిడి దాకా ఆపుతుందో అది చెబుతుంది. ఆ ఒత్తిడి ఉండబట్టే ద్రవం 120 డిగ్రీల దగ్గర కూడా మరగదు. మూత తిప్పగానే ఒత్తిడి పోయి, ఒక్కసారిగా మరిగి ముఖాన చిమ్ముతుంది. ఇంజన్ ఆపి రెండు గంటలైనా ఆగండి. పై హోసు (ఇంజన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వచ్చే రబ్బరు గొట్టం) చేతికి చల్లగా, నొక్కితే మెత్తగా ఉండాలి.

రాత్రి బండి కింద అట్టముక్క పరచండి. ఏసీ నీళ్లు కారినా మరక పడుతుంది గానీ, వాటికి రంగూ జిగటా ఉండవు. కూలెంట్ వేళ్ల మధ్య జారుతుంది, తియ్యటి వాసన వేస్తుంది (రుచి మాత్రం చూడొద్దు, విషం). అయితే చుక్క పడ్డ చోటుకు సరిగ్గా పైనే లీకు ఉందనుకోకండి. నడిచే బండిలో గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. టార్చి వేసి, తడి ఉన్నవాటిలో అన్నిటికంటే పైన, ముందు ఉన్న చోటు వెతకండి.

తడి కంటే ఎండిన గుర్తే నమ్మకమైన సాక్షి. క్లిప్పు పక్కన హోసు అంచు చూడండి: తెల్లగానో, కూలెంట్ రంగులోనో పొడి పేరుకుని, గోటితో గీకితే పొరలా లేస్తుంటే అక్కడ చాలాకాలంగా ఊరుతోంది. రేడియేటర్ ప్లాస్టిక్ తొట్టి అల్యూమినియానికి కలిసే మడత దగ్గరా, వాటర్ పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గరా ఇలాగే చూడాలి. ఆ రంధ్రం నుంచి చార దిగిందంటే పంపు సీలు పోయినట్టు. రంధ్రాన్ని మూయకూడదు, పంపే మార్చాలి.

కంటికి ఏదీ దొరక్కపోతే ప్రెషర్ టెస్టరు (ఒత్తిడి చూపే ముల్లున్న చేతి పంపు) వాడాలి. మూత తీసిన చోట బిగించి, మూత మీది అంకె దాకా మాత్రమే కొట్టి, 15 నిమిషాలు ఆగండి. ముల్లు దిగితే లీకుంది. బయట తడి లేకుండా దిగుతుంటే ముందు సీట్లలో కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ తడిమి చూడండి. కూలెంట్‌తో తడిగా ఉంటే లీకు హీటర్ కోర్‌లో (డ్యాష్‌బోర్డు వెనక, హీటర్ గాలిని వేడి చేసే చిన్న రేడియేటర్). ఆయిల్ మూత లోపల కాఫీ రంగు నురగ, ఆయిల్ మట్టం పెరగడం కనిపిస్తే బండి స్టార్ట్ చేయకండి. అది హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ దాని పై భాగానికీ మధ్య ఉండే సీలు) సంగతి.

ఎక్కువగా దొరికేది హోసు లీకే కాబట్టి మరమ్మతు దానితో మొదలుపెడదాం. అడుగు డ్రెయిన్ ప్లగ్గు వదులు చేసి, మట్టం పై హోసు కంటే కిందికి దిగేదాకా శుభ్రమైన తొట్టిలోకి దించండి. స్ప్రింగు క్లిప్పు చెవులు ప్లేయరుతో నొక్కి వెనక్కి జరపండి. హోసు అతుక్కుపోతే స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తొద్దు. హోసు తొడిగే రేడియేటర్ ప్లాస్టిక్ మెడ వేడికి పెళుసెక్కి ఉంటుంది, పుటుక్కున విరుగుతుంది, రూ. వందల్లో పోయే పని రేడియేటర్ మార్చే దాకా వస్తుంది. ఎలాగూ పారేసే హోసే గనుక బ్లేడుతో నిలువుగా, మెడ మీద గీత పడకుండా చీల్చి ఒలవండి.

మెడను తడిగుడ్డతో తుడిచి, కొత్త హోసు లోపల కాస్త కూలెంట్ రాసి చివరికంటా తొయ్యండి. గ్రీజు, ఆయిల్ వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. క్లిప్పు మెడ చివర ఉబ్బు మీద కాదు, దాని వెనక పల్లంలో కూర్చోవాలి. స్క్రూ క్లిప్పయితే రబ్బరు గాళ్లలోంచి పొంగేంత బిగించకండి, అక్కడే తెగుతుంది. కంపెనీ స్ప్రింగు క్లిప్పు బాగుంటే అదే వాడటం మంచిది. హోసు వేడికి ఉబ్బినా, చల్లారి కుంచించుకున్నా అది పట్టు వదలదు.

డ్రెయిన్ ప్లగ్గు మళ్లీ బిగించి, మాన్యువల్ చెప్పిన రకం కూలెంటే పోయండి. రంగు కలిసినంత మాత్రాన రకం కలిసినట్టు కాదు. చిక్కటిదైతే డిస్టిల్డ్ వాటరుతో సగానికి సగం కలపాలి. హీటర్ పూర్తి వేడిలో పెట్టి, మూత తీసే ఉంచి ఇంజన్ ఐడిల్‌లో నడపండి. ముఖం దూరంగా పెట్టుకుని, మట్టం దిగినకొద్దీ పోస్తూ, బుడగలు ఆగగానే మూత బిగించండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాక ఆపేయండి. మర్నాడు పొద్దున మట్టం మళ్లీ చూడాలి.

లీకు మూయడానికి పసుపు, పౌడర్లు వేయొద్దు. అవి కారే చోటుతో పాటు మంచి గొట్టాలనూ పూడుస్తాయి. నేల మీద ఒలికినదాన్ని ఇసుకతో పీల్చి, బాగా కడగండి. తీపికి కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొద్దిపాటికే కిడ్నీలు పోయి చస్తాయి.

వచ్చే పాఠంలో వాటర్ పంపు విప్పుదాం. ఈలోగా మీ బండి పంపు బెల్టు పక్కన ఉందో, టైమింగ్ కవరు (టైమింగ్ బెల్టు లేదా చెయిన్ మీద ఉండే మూత) వెనక ఉందో చూసి పెట్టుకోండి.